ఒకటి నొక్కాల్సిన మాత్ర

రెండు చొక్కాలు, తువ్వాలు, సన్నని స్క్రూడ్రైవర్లు, కంటికి పెట్టుకునే భూతద్దం, అన్నిటికంటే పైన షుగరు మాత్రలు. పెద్దావిడ సంచి సర్దింది. ఎవరు గడప దాటుతున్నా ఆమెకు బెంగే. వాచీలు బాగుచేసే భర్త పక్క ఊళ్ళో ఆగిపోయిన గడియారస్తంభం పనికి వెళ్తున్నాడు. రెండ్రోజుల పని. ఆయన మాత్రలు తీసి బల్లమీద పడేశాడు.

రోజూ పొద్దున ఆసుపత్రి నుంచి ఫోనుకి మెసేజీ వస్తుంది: మాత్ర వేసుకుంటే దయచేసి ఒకటి నొక్కండి, లేకపోతే రెండు. ఆయనకది తల కొట్టేసినట్టుండేది.

"ఊరందరికీ టైము సరిచేసేవాణ్ణి. నాకు టైము చెప్పడానికి అదెవరు?" అని ఫోను కూడా ఆమెకే వదిలేశాడు.

దుకాణాల బోర్డులు చూసి చదువు నేర్చుకున్న మనిషామె. దయచేసి అని అడిగినవాళ్ళకు బదులివ్వకపోవడం తప్పు, అబద్ధం చెప్పడం ఇంకా తప్పు. రెండు నొక్కడానికేమో వేలు రాదు. అందుకే ఆయన బస్సెక్కగానే మెసేజీ మోగేసరికి, మాత్రలు గుప్పిట్లో పట్టుకుని వెళ్ళి బస్సు ముందు నిలబడింది.

"పక్కకి జరుగు పెద్దమ్మా," అన్నాడు డ్రైవరు.

"ఆయన మింగలేదు నాయనా. నేను ఒకటి నొక్కాలి."

బస్సు రెండు పార్టీలైంది. మింగేస్తే పోలా అన్నారు ముందు సీట్లవాళ్ళు. మొగుడూ పెళ్ళాల గొడవకి తమ ఉద్యోగాలు పోవాలా అన్నారు వెనకవాళ్ళు. ఎవరో నీళ్ళ సీసా అందించారు. వాచీలాయన మూతి బిగించుకుని కూర్చున్నాడు. చివరికి డ్రైవరే దిగొచ్చి రాజీ కుదిర్చాడు. తను రోజూ పొద్దున ఆ ఊరెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేవాడే కదా, మాత్రలు తనకిస్తే రోజుకొకటి దగ్గరుండి మింగిస్తానన్నాడు.

రెండ్రోజుల పని సాగుతూ పోయింది. స్తంభం నాలుగు ముఖాలూ నాలుగు టైములు చూపిస్తున్నాయట, ఒకటి దారికొస్తే ఇంకోటి మొరాయిస్తోందట. రోజూ సాయంత్రం ఆమె బస్టాండులో కాచుకునేది. "అయిపోయింది పెద్దమ్మా" అనేవాడు డ్రైవరు. పొద్దుటి మెసేజీకి అప్పుడు ఒకటి నొక్కేది. ఆయన పక్కగదిలోనే ఉన్నట్టు కంటినిండా నిద్రపోయేది.

ఒక శుక్రవారం ఆసుపత్రి నుంచి అభినందనలు వచ్చాయి, ఒక్క మాత్ర కూడా మానలేదని. సాయంత్రం ఆమె బస్సెక్కి అందరికీ చదివి వినిపించింది. దిగాల్సినవాళ్ళు దిగకుండా చప్పట్లు కొట్టారు. డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చేశాడు.

"ఆ చప్పట్లు నాకు పెద్దమ్మా. ఆయన ముట్టుకోనన్నారు. నాకూ డాక్టరు అదే మందు రాశాడు. వట్టి చేతుల్తో నీ ఎదుట పడలేక నేనే మింగాను."

ఆమె తిట్టలేదు. "నీకైనా తగ్గిందా?" అంది.

తగ్గిందన్నాడు, తల ఎత్తకుండా.

ఇంటికొచ్చి తన సంచి సర్దుకుంది. కొత్త మాత్రలు, నీళ్ళ సీసా, ఒక చీర. పొద్దుటి బస్సుకే వెళ్ళి, తన చేత్తో నోట్లో వేసి, అక్కడే ఒకటి నొక్కాలి. ఫోను కూడా సంచిలో పెట్టబోతుంటే మోగింది. మెసేజీ కాదు. స్తంభం కాపలాదారు.

నాలుగు ముఖాలూ ఇప్పుడు ఒకే టైము చూపిస్తున్నాయి. వాచీలాయన తిరిగి రాలేదు. బస్సులో చప్పట్లు మోగిన ఆ శుక్రవారం సాయంత్రమే, నిచ్చెన మీద, పోయాడు.