మూటలో రాని గడియారం

కంప్యూటర్లో నడిచే సర్వీసులను ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మార్చడం ఇల్లు మారడం లాంటిదే. పాతదాంట్లో ఒక్కో సర్వీసునూ ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక ఫైలు వస్తుంది. ఆ మూటను కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేస్తే సర్వీసు అక్కడ కాపురం పెడుతుంది. లాంచీల ఆఫీసులో ఆ పని నాది. ఆదివారం అన్నీ మార్చేశాను, ఒక్క లోపమూ రాలేదు. ఏదైనా మొదటిసారే సరిగ్గా పనిచేస్తే నాకు అనుమానం. మా ఆయన దీన్ని జబ్బు అంటారు.

మర్నాడు మామయ్య లాంచీ అందుకోలేకపోయారు.

మామయ్య రోజూ ఏటికి అవతల ఉన్న స్నేహితుడితో చదరంగం ఆడటానికి వెళ్తారు. ఆడటానికి అనడం మర్యాద కోసం, నిజానికి పోట్లాడుకోవడానికే. ఆయన మోకాలికి ఆపరేషన్ అయ్యాక మా ఆయన ఒక షరతు పెట్టారు. లాంచీ అందుకోగలిగినన్నాళ్ళు ఒంటరిగా వెళ్ళవచ్చు, లేదంటే తోడుగా మనిషిని పెడతాం అన్నారు. తోడు అన్న మాట వింటేనే మామయ్య ముఖం మాడిపోతుంది. సోమవారం సంగతి తెలిశాక, ఇంకొక్కసారి తప్పితే ఇక మనిషిని చూడాల్సిందేనని మా ఆయన తేల్చేశారు. మామయ్య భోజనం సగంలో వదిలేసి లేచిపోయారు.

నా మనసు ఊరుకోలేదు. శనివారం దొరికిన లాంచీ సోమవారం ఎందుకు తప్పింది? ఒక్క ఆదివారంలో మోకాలు ముసలిదైపోతుందా? మంగళవారం ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి, దొంగలా ఆయన వెనకాలే నడిచాను.

మామయ్య వీధి మలుపులో లాంచీ బోర్డు కింద బల్ల మీద కూర్చున్నారు. రేవులో కూర్చోవడానికి చోటు లేదు. బోర్డు మీద ఎర్రదీపం వెలిగితే రేవుకు బయల్దేరమని అర్థం. వెలిగింది, లేచారు. ఎక్కడా ఆగలేదు, ఎవరినీ పలకరించలేదు. రేవు మెట్లు చేరేసరికి లాంచీ నడిపే సరంగు తాడు విప్పేశాడు. సరంగు తన చేతి గడియారాన్ని తప్ప దేన్నీ నమ్మడు.

వెనక్కి తిరిగిన మామయ్యకు నేను కనబడ్డాను. ఆయన కోప్పడలేదు.

"వాడికి చెప్పకమ్మా," అన్నారు.

రేపటిదాకా చెప్పనని మాటిచ్చి ఆఫీసుకు పరుగెత్తాను. ఆ దీపాన్ని వెలిగించే బోర్డు సర్వీసు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాను. అక్షరం కూడా తేడా లేదు. పాత సర్వర్ ఇంకా నడుస్తూనే ఉంది కనుక రెండింటినీ ఒకే ప్రశ్న అడిగాను: దీపం వెలగాలా? పాతది అవునంది. కొత్తది ఇంకా కాదంది. అప్పుడు చూశాను వాటి గడియారాలు. పాతది బాగా ముందుంది. సర్వీసు మూటలో వచ్చింది కానీ, గడియారం పాతింట్లోనే ఉండిపోయింది. పైగా అది తనంతట తాను సరిచేసుకోకుండా ఎవరో ఆపేసి ఉంచారు.

రిటైరయ్యేదాకా ఆ సర్వర్‌ను సాకిన పెద్దసారుకు ఫోన్ చేశాను.

"తప్పేనమ్మా అది. ఒకసారి సరిచేశాను కూడా. ఆ వారమంతా చేతికర్రలతో నడిచేవాళ్ళు, చంకన పిల్లలున్నవాళ్ళు రేవులోనే మిగిలిపోయారు. మళ్ళీ చెడగొట్టేశాను," అన్నారు.

ఎక్కడైనా రాసి పెట్టాల్సింది కదా అంటే, తప్పును ఏ పేరు పెట్టి రాయమంటావని నవ్వారు.

కొత్త సర్వర్ గడియారాన్ని చెడగొట్టడానికి లేదు, టిక్కెట్ల లెక్కలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకని బోర్డు సర్వీసులోనే, దీపం ఎంత ముందు వెలగాలో చెప్పే సెట్టింగ్ ఒకటి చేర్చాను. దానికి 'నిదానంగా నడిచేవారికి' అని పేరు పెట్టాను. మేనేజరు అది చూసి, ఇది ఇన్నాళ్ళూ ఎందుకు లేదని నన్నే కసిరారు. మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసి చూసుకున్నాను. ఈసారి అది మూటలో ఉంది.

బుధవారం మామయ్య లాంచీ ఎక్కారు. సాయంత్రం ఆట ఓడిపోయి, సంతోషంగా ఇంటికొచ్చి, మోకాలు కుదుటపడిందని కొడుక్కి చెప్పుకున్నారు. మా ఆయన లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించారు.

"రెండ్రోజులు భయపడ్డానమ్మా. ఇక నా పని అయిపోయిందనుకున్నా."

ఆ భయం పెట్టింది నేనే. దీపం సంగతి మొత్తం చెప్పేశాను. ఆయన కళ్ళార్పకుండా విన్నారు.

"అంటే ఇన్నాళ్ళూ నేను నిదానంగానే నడుస్తున్నానన్నమాట."

"అవును మామయ్యా."

తలుపు వైపు ఒకసారి చూసి, నవ్వారు.

"వాడికి చెప్పకు," అన్నారు.