రెండు లక్షల మంది అడగని గొడుగు

బావమరిది బతుకు కోరతాడని సామెత. ఎలాంటి బతుకు కోరతాడో మాత్రం సామెతలో లేదు. అచ్చుబొమ్మలాయనకు ఆ సంగతి నలభై ఎనిమిదో ఏట తెలిసింది.

ఆయన చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దుతాడు. బొమ్మకు ఒక్కటే చెక్క. ముందు చెక్కంతా పసుపు పూసి కాగితాలన్నింటి మీదా అద్దాలి. పసుపుగా ఉండిపోవలసిన చోట్లు చెక్కేసి, మిగిలిన దానికి ఎరుపు పూసి మళ్ళీ అవే కాగితాల మీద అద్దాలి. ఎరుపు నిలవాల్సిన చోట్లు కూడా చెక్కేశాక, చివరికి నలుపు. బొమ్మ పూర్తయ్యేసరికి చెక్క మీద గీతలు తప్ప ఏమీ మిగలవు. వరుస తప్పి ఉలి పడిందా, బ్రహ్మదేవుడు దిగొచ్చినా అతికించలేడు.

ఇరవై ఏళ్ళుగా ఆయన చెక్కినవన్నీ ఇతరులు చెప్పిన బొమ్మలే. దుకాణాల సంచుల మీదికి, అగ్గిపెట్టెల మీదికి. మొదటిసారిగా పిల్లల గ్రంథాలయం నడిపే మేడమ్ ఆయన సొంత బొమ్మ అడిగింది. వాన వీధిలో ఎర్రగొడుగు వేసుకుని నడిచే పాప. ముప్పై ప్రతులు. ఏడాదంతా బాగా చదివిన ముప్పైమంది పిల్లలకు శనివారం పొద్దున బహుమతిగా ఇస్తానంది. ఆ మాట విన్నరోజు ఆయన దేవుడికి రెండుసార్లు దణ్ణం పెట్టుకున్నాడు. రెండోది, మొదటిది అందిందో లేదోనని.

గురువారం మధ్యాహ్నానికి పసుపు అద్దడం అయింది, వీధి చెక్కడం అయింది. ఎరుపు కలుపుతుండగా బావమరిది మూడుకాళ్ళ స్టాండుతో, గుండ్రటి లైటుతో ఊడిపడ్డాడు. మొన్నమొన్నటి దాకా ఫ్యాన్లు అమ్మేవాడు. పదిరోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి కళాకారులకు సలహాదారయ్యాడు. సలహా వినే కళాకారుడు బయట ఇంకా దొరకలేదు గనక అక్క మొగుడితో మొదలెట్టాడు.

“బావా, అసలు నువ్వు లోకంలో ఉన్నావా?”

“ఉన్నానుగా, నీ ఎదురుగానే.”

“ఇక్కడుంటే సరిపోదు. ఫోన్లో ఉండాలి. ఫోన్లో లేనివాడు లేనట్టే.”

“మరి దేవుడో?”

“ఆయనకి పేజీలు బోలెడున్నాయి బావా. నీకే లేదు.”

లోపల్నుంచి భార్య కేకేసింది. “ఒరేయ్, ఆయన పని పాడుచేశావంటే నీ లైటు పాత సామాన్ల వాడికి వేసేస్తా!”

“ఎరుపు అద్దేసి వస్తానుండరా,” అన్నాడు ఆయన.

“అప్పటికి కిటికీలో వెలుతురు పోతుంది. ఊరికే ఓ మూల చెక్కు. పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేవాలి. కర్రుమని చప్పుడు రావాలి. మొహం అక్కర్లేదు, చేతులు చాలు. నీ మొహం చూస్తే ఉన్నవాళ్ళు కూడా పోతారు.”

ఆయన మూల చెక్కాడు. బొటనవేలు అడ్డొచ్చిందన్నాడు బావమరిది. మళ్ళీ చెక్కాడు. పొట్టు మధ్యలో తెగిందన్నాడు. మళ్ళీ. అక్క గిన్నె పడేసిందన్నాడు. మళ్ళీ. అయిదోసారికి మూలల్లో చెక్కడానికేం మిగల్లేదు. ఎదురుగా కెమెరా ఉంటే చెయ్యి ఊరుకుంటుందా? ఎరుపు తర్వాత చెక్కాల్సింది గొడుగే కదా, అలవాటైన దారినే ఉలి అటు వెళ్ళిపోయింది. గొడుగు అంచు గీతతో సహా ఒకే పొడుగాటి చుట్టగా లేచింది.

“అబ్బబ్బ! ఇదీ చెక్కడమంటే!”

“ఒరేయ్, గొడుగు పోయిందిరా.”

“పోతే పోయింది బావా, వీడియో వచ్చింది!”

పసుపు వీధిలో గొడుగు కూడా ఇక పసుపే. పాప చెయ్యెత్తి గాలిని పట్టుకున్నట్టుంది. ఉపాయం లేకపోలేదు. గొడుగొక్కటీ వేరే చెక్కముక్క మీద చెక్కి, ఎరుపు పూసి, ఒక్కో కాగితం మీద సరిగ్గా ఆ చోటే అద్దాలి. ఒక రోజు పని. చేతిలో శుక్రవారం ఉంది.

శుక్రవారం పొద్దున్నే బావమరిది ఫోన్ చేశాడు. వీడియోని రెండు లక్షల మంది చూశారట. ఆయన చెక్కముక్క పక్కన పెట్టి ఫోన్ తీశాడు. “ప్రాణం హాయిగా ఉంది” అని ఒకరు. “ఆ ఉలి ఎక్కడ కొన్నారు?” అని ఒకరు. “ఇంకా మెల్లగా చెక్కండి, నిద్ర పట్టేలా ఉంది” అని ఇంకొకరు. ఇంకొక్కసారి చూసి పని మొదలెడదామనుకున్నాడు. అలా ఎన్ని ఒక్కసార్లో! ఈ సృష్టంతా చేసినవాడు ఒక్క ఆకు కిందా సంతకం పెట్టలేదు, ఎందరు చూశారని ఆరా తీయలేదు. పూజ చేసుకునేటప్పుడు ఆయనకది తెలిసే ఉంటుంది. గంట తిరక్కుండా ఎలా మరిచాడో మరి.

“పొట్టు ఊడ్చేది నేను, పొగడ్తలు మీకు,” అని భార్య చీపురు విసురుగా పెట్టింది. ఆయన వినలేదు.

సాయంత్రం అయింది. గొడుగు కాలేదు. ‘రెండు లక్షల మందిలో ఒక్కడైనా గొడుగేదని అడిగాడా? పిల్లలడుగుతారా?’ అని మనసుకు సర్దిచెప్పుకుని, ముప్పై కాగితాల మీదా నలుపు అద్దేశాడు.

శనివారం పొద్దున గ్రంథాలయంలో మేడమ్ కళ్ళజోడు సర్దుకుని మొదటి బొమ్మ చూసింది. రెండోది చూసింది.

“గొడుగేదండీ?”

“అదీ... మేడమ్, మీరు నా వీడియో చూశారా?”

“లేదండీ. గొడుగేది?”

ఆయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫోన్ చూస్తూ కూర్చున్న శుక్రవారం సంగతి కూడా దాచలేదు.

“నాకు చెప్పారు, బాగానే ఉంది,” అంది మేడమ్. “లోపల ముప్పైమంది కూర్చున్నారు. వాళ్ళకి కూడా మీరే చెప్పండి.”

చెప్పాడు. బొమ్మలు వెనక్కి పట్టుకెళ్ళి గొడుగు వేసి తెస్తానన్నాడు. ముందు వరసలో రెండు జడల పిల్ల శ్రద్ధగా విని, “అయితే అప్పటిదాకా పాప తడుస్తూ ఉండాలా?” అని అడిగింది. రెండు లక్షల మంది ముందు నిబ్బరంగా ఉన్నవాడు ఆ ఒక్క పిల్ల ముందు తల దించుకున్నాడు. “సాయంత్రందాకానమ్మా,” అన్నాడు.

ఇంటికొచ్చేసరికి, ఫోన్లో సంగతి ముందే విన్న బావమరిది స్టాండు నిలబెట్టి సిద్ధంగా ఉన్నాడు.

“బావా, ఇవాళ లైవ్! ఇప్పుడు కనబడకపోతే రేపటికి మర్చిపోతారు. ‘తప్పు దిద్దుకుంటున్న కళాకారుడు’. ఏడిస్తే ఇంకా మంచిది.”

ఆయన చెక్కముక్క మీద గొడుగు చెక్కాడు. ఎరుపు పూశాడు. మొదటి కాగితం బల్ల మీద పరిచి పిలిచాడు.

“ఇలా రా. ఈ రెండు మూలలూ నొక్కి పట్టుకో. వెంట్రుకవాసి కదిలితే గొడుగు పాప నెత్తిన కాదు, పక్కింటి మీద పడుతుంది.”

“మరి వీడియో ఎవరు తీస్తారు బావా?”

“నీకెన్ని చేతులు?”

“రెండే.”

“రెండూ కావాలి. ముప్పైసార్లు.”