దీపం నూనె పడిన బెల్టు

మాదేశ్వరన్ ఆ బెల్టును కొత్త తువ్వాలులో చుట్టి తెచ్చాడు. పనిబల్ల మీద పెట్టి ముడి విప్పాడు.

"చూడు బావా. బెంగళూరు నుంచి తెప్పించినాను. పందెం బండ్ల ఇంజిన్లకని చేసే బెల్టు ఇది."

నీలం రంగు బెల్టు. వీపు మీద మూడు చోట్ల గంధం, కుంకుమ బొట్లు. రామకృష్ణప్ప చేతిలోకి తీసుకోకముందే వాసన పసిగట్టాడు. నువ్వుల నూనె.

"పూజ చేసినారా?"

"చెయ్యకుండా ఎట్ల? నిన్న అమావాస్య గదా. అక్క పటం ముందర పెట్టినాము. అమ్మే దీపం ముట్టించింది. ముసలి చెయ్యి, వణికి నూనె కొంచెం ఒలికింది. తుడిస్తే పోతాది."

అక్క అంటే సాకమ్మ. రామకృష్ణప్ప భార్య. పోయి ఎనిమిదేళ్ళు.

పాలకోడు రోడ్డులో రామకృష్ణప్పది చిన్న మెకానిక్ షెడ్డు. మధ్యలో బావమరిది ఎర్ర కారు బానెట్టు ఎత్తి నిలబడి ఉంది. టమోటా పండించేవాడికి పందాల కారు ఎందుకని ఊరంతా నవ్వింది. వాడు వినలేదు. పాత జపాన్ బండి కొని, టర్బో పెట్టించి, ఇంజిన్‌ను మామూలుకు మించి తిరిగేలా చేయించాడు. ఆదివారం కోయంబత్తూరులో పందెం. ఉన్న బెల్టుకు పళ్ళ మొదట్లో చీలికలు వచ్చాయి.

కింద పిస్టన్లనూ పైన వాల్వులనూ ఒకే లయలో ఆడించేది ఆ టైమింగ్ బెల్టే. అది తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులను గుద్దుతాయి. ఇంజిను ఉన్నచోటే చస్తుంది. నూట యాభై వేగంలో అలా అయితే లోపల కూర్చున్నవాడి గతి ఏమిటో చెప్పనక్కర్లేదు.

బెల్టు రబ్బరుకు నూనె విషం. చూపుకు బాగానే ఉంటుంది. లోపల ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఒకనాడు పళ్ళు రాల్చుకుంటుంది. పారెయ్యమని ఒక్క మాట చెబితే చాలు. కానీ ఆ మాట చెబితే మాదేశ్వరన్ ఎనిమిదేళ్ళు వెనక్కి పోతాడు. ఆ ఆయుధపూజ నాడు వాడూ ఈ షెడ్డులోనే ఉన్నాడు.

"తారీకు పాతది. ఇది పనికిరాదు," అన్నాడు రామకృష్ణప్ప.

మాదేశ్వరన్ బెల్టు తిప్పి అంకెలు చదివాడు. "చేసి నాలుగు నెలలే అయ్యింది బావా. కండ్లద్దాలు మార్చు."

"పండ్ల లెక్క తేడా ఉండాది."

వాడు కారు నుంచి విప్పిన పాత బెల్టును పక్కన పెట్టి అరవంలో ఒక్కొక్క పన్నే లెక్కపెట్టాడు. సరిపోయాయి. రెండింటినీ ఒకదానిలో ఒకటి నొక్కి చూశాడు. అతికినట్టు కూర్చున్నాయి. వెడల్పూ అంతే.

"పిల్లను చూసేకి పోయి ముక్కు వంకర, మూతి వంకర అనేవాని మాదిరి చేస్తావే," అని నవ్వాడు. "ఏమైంది నీకు ఈ పొద్దు?"

"ఇది వద్దు మాదేశా. పూంగావనం స్పేరు పార్టుల అంగట్లో దొరుకుతాది మంచిది. అది తెచ్చుకో."

వాడి నవ్వు పోయింది.

"ఆ యమ్మ పేరు ఎత్తద్దు. అక్కను చంపిన దొంగ బెల్టు ఎవరిచ్చినారు? నువ్వే గదా చెప్పినావు?"

తనే చెప్పాడు. కాటి దగ్గర, నలుగురూ వింటుండగా.

"పెట్రోలు పోసి తుడువు బావా. అక్క పోయిన కారుకు తుడిచినావే, అట్లనే. నాకు బాగా గ్యాపకం ఉండాది."

రామకృష్ణప్ప గుడ్డ తీసుకున్నాడు. పెట్రోలు పోశాడు.

ఆ ఆయుధపూజ నాడు కూడా ఇలాగే. తన డీజిల్ కారుకు పూంగావనం దగ్గర కొత్త బెల్టు కొన్నాడు. సాకమ్మ దాన్ని రెంచీలతో, జాకీతో పాటు ఆకు మీద పెట్టి పూజ చేసింది. దీపం ఒరిగింది. నూనె బెల్టు మీద పారింది. ఇంకొకటి కొందామంటే పండగకు రెండు రోజులు అంగడి మూత. రెండు రోజులు ఆగలేకపోయాడు. పెట్రోలుతో తుడిచాడు, ఎక్కించాడు. తెలియక కాదు. ఏమవుతుందిలే అనుకున్నాడు.

మాఘమాసంలో సాకమ్మకు గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రికి తీసుకుపోతుంటే పెన్నాగరం రోడ్డులో కారు ఠక్కున ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి ముప్పావుగంట. ఆమె వెనక సీట్లో, తల్లి ఒడిలో పోయింది.

బెల్టు తెగిందని అందరికీ తెలిసింది. ఎందుకు తెగిందని అడిగారు. పూంగావనం దొంగ సరుకు ఇచ్చిందన్నాడు. నోటికి అదే వచ్చింది. ఆనాటి నుంచి తమ వాళ్ళెవరూ ఆమె అంగడి గడప తొక్కలేదు. అత్త ఒక సంతరోజు పోయి గుప్పెడు మన్ను తీసి అంగట్లోకి విసిరి శాపం పెట్టింది. రామకృష్ణప్ప రోడ్డుకు అవతల నిలబడి చూశాడు.

గుడ్డ నీలం రంగు మీద రెండుసార్లు జారింది. గంధం పోయింది. బెల్టు నిగనిగలాడింది. ఇప్పుడు ఎవరికి చూపినా కొత్తదే అంటారు.

అతడు దాన్ని బల్ల మీద పెట్టాడు.

"తుడిస్తే పోదు," అన్నాడు. "నూనె పడితే బెల్టు చెడిపోతాది. పెట్రోలు తగిలితే ఇంకా చెడుతాది. మీ అక్క బెల్టు కూడా అట్లే తెగింది. పూంగావనం ఇచ్చింది మంచి బెల్టే."

మాదేశ్వరన్‌కు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అడిగింది ఒకటే.

"ఆ పొద్దు తెలుసునా నీకు?"

"తెలుసు."

వాడు కొడతాడనుకున్నాడు రామకృష్ణప్ప. కొట్టి ఉంటే బాగుండేది. వాడు చెప్పులు వేసుకుని, "రా," అన్నాడు.

పూంగావనం అంగడి అదే రోడ్డులో నాలుగు కొట్లు దాటితే ఉంది. ఎనిమిదేళ్ళుగా రామకృష్ణప్ప దాని ముందు నుంచి పోకుండా సందులు తిరిగాడు. వాళ్ళిద్దరినీ చూసి ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"జతగా వచ్చినారే. ఈసారి మన్ను ఎవరు పోసేది?"

"చెప్పు," అన్నాడు మాదేశ్వరన్ బావతో.

అంగట్లో ఇద్దరు లారీ డ్రైవర్లు ఉన్నారు. వాళ్ళు పోయేదాకా ఆగుదామనిపించింది. బావమరిది ముఖం చూసి ఆగలేదు.

"నీ బెల్టు మంచిదే పూంగావనం. నూనె పడింది మా షెడ్డులో. తెలిసే వేసినాను. నీమీద అబద్ధం చెప్పినాను."

డ్రైవర్లు మాటలు ఆపేశారు. ఆమె అప్పుడు కుర్చీలోంచి లేచింది.

"తెగిన బెల్టు చూపించన్నా, చూస్తానని ఆ పొద్దు నీ ఇంటికే వచ్చినాను. కాల్చేసినాను అంటివి. అప్పుడే తెలుసు నాకు. చెప్తే ఎవరు నమ్ముతారు? పెండ్లాం పోయి నువ్వు ఏడుస్తా ఉంటివి."

రామకృష్ణప్ప చేతులు జోడించాడు. ఆమె చూడలేదు. మాదేశ్వరన్ వైపు తిరిగింది.

"ఇంజిను నంబరు ఏమి అబ్బయ్యా?"

వాడు చెప్పాడు. ఆమె స్టూలెక్కి, పై అరలోంచి ఒక డబ్బా దించి, తేదీ చదివి వాడి చేతిలో పెట్టింది.

"కంపెనీ బండికి వచ్చే బెల్టే. రంగు లేదు, పంచరంగుల డబ్బా లేదు. నీ ఇంజిన్‌కు ఇది తాళుతాది. మడవద్దు, మేకుకు తగిలించద్దు. పూజకు పెడితే డబ్బా మూసే పెట్టు."

"ఎవరి దగ్గర వేయించల్ల అక్కా?"

"కారిమంగళం మాధవన్. నిదానంగా చేస్తాడు."

మంచి పనివాడే. అది రామకృష్ణప్పకూ తెలుసు. మాదేశ్వరన్ డబ్బా చంకలో పెట్టుకుని అతణ్ణి చూడకుండానే అన్నాడు. "అమ్మకు నేను చెప్తాను. నువ్వు ఇంటి పక్కకు రావద్దు."

"ఇంజిను చల్లగా ఉన్నప్పుడే బెల్టు బిగువు చూడమను," అన్నాడు రామకృష్ణప్ప. "వేడి మీద చూస్తే తప్పు చూపిస్తాది."

పూంగావనం పెన్ను తీసింది. ఆ మాటను చీటీ మీద రాసి, మాదేశ్వరన్ చంకలోని డబ్బా తీసుకుని, అందులో పెట్టి మూసింది.