కారిన దిమ్మ

దీపాలు పెట్టే వేళకి రామ్మోహనరావు మార్కెట్ నుంచి ఇంటికొస్తాడు. స్నానం చేసి వచ్చాక అందరూ కలిసి టిఫిను తింటారు. ఆ ఇంట్లో నవ్వులు వినబడేది ఆ కాస్తసేపే.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో రామ్మోహనరావు నోటికి పేరుంది. రైతులు తెచ్చిన బెల్లం దిమ్మల్ని వరసగా పేర్చాక, వేలం మొదలయ్యే ముందు కొనేవాళ్ళు ఒక్కో దిమ్మ దగ్గర ఆగి, కొంచెం గీరి నోట్లో వేసుకుని, ఏదో ఒక వంక పెట్టడం అక్కడ మామూలే. రంగు లేదంటారు, ఉప్పు తగులుతోందంటారు, చెమ్మకి మెత్తబడి నీరు కారుతోందంటారు. కారిన దిమ్మ అనిపించుకుంటే ఇక దాని వంక ఎవరూ చూడరు. వంకలు పెట్టడంలో రామ్మోహనరావుని మించినవాడు లేడు. అయితే ఆయన మాట దిమ్మ దగ్గర ఆగదు, దాన్ని మోసుకొచ్చిన మనిషి దాకా పోతుంది.

“ఇవాళ ఒకడొచ్చేడు,” అన్నాడు ఆ సాయంత్రం ఇడ్లీ తుంచుతూ. “దిమ్మ చూస్తే కారిపోతంది. మనిషిని చూస్తే చెమటకి కారిపోతన్నాడు. ఏటయ్యా, ఇద్దర్లో ఎవర్ని కొనమంటావ్ అన్నాను. మార్కెట్టంతా ఒకటే నవ్వు.”

భార్య ఉషశ్రీ చట్నీ వడ్డిస్తూ నవ్వింది. పదిహేడేళ్ళ తారక్ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

“దానికేటన్నాడు నాన్నా?”

“ఏటంటాడు? తలొంచుకుని సరుకు దించీసి పోయేడు.”

నవ్వనిది ముసలావిడ సూర్యకాంతమ్మ ఒక్కతే. “మీ నాన్న ఉండగా ఈ మాట పడనిచ్చేవారు కాదురా అబ్బాయ్. సరుక్కి వంక పెట్టు, సరుకు తెచ్చినోడికి పెట్టకు అనేవారు.”

“అప్పటి వ్యాపారం వేరమ్మా,” అని రామ్మోహనరావు ఇంకో ఇడ్లీ వేయించుకున్నాడు.

టిఫిను కాగానే తారక్ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని తన గదిలోకి వెళ్ళాడు. ఉషశ్రీకి కొడుకు ఫోన్లో ఆడే ఆట గురించి బెంగ లేదు. డిగ్రీ చదువుకున్న మనిషి కాబట్టి, ఫోను కొనిచ్చే ముందే అన్నీ అడిగి తెలుసుకుంది. ఐదుగురు ఒక జట్టుగా ఉండి, కోటను కాపాడుకునే ఆట. డబ్బు పందేలు లేవు. ఆడేది ఇంట్లో కూర్చునే. పక్క వీధి పిల్లాడిలా బైకేసుకుని సముద్రం వైపు పోవడం లేదు, మార్కులూ తగ్గలేదు. జట్టుకి తారకే నాయకుడని విన్నప్పుడు ఆమెకి గర్వంగా కూడా అనిపించింది. ఇన్ని అడిగిన తల్లి ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు: ఆటలో మీరు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు?

నిజానికి అడగక్కర్లేదు, వింటే చాలు. ఎదుటివాళ్ళ గొంతులు హెడ్‌ఫోన్లలో ఉండిపోయినా, తారక్ మాటలు వంటింట్లోకి వినబడుతూనే ఉండేవి. మొదట్లో అవి, “బాగా ఆడేవ్ బావా,” “పర్లేదు మామా, మళ్ళీ గెలుద్దాం,” అన్నట్టు ఉండేవి. కాలేజీ స్నేహితులు నలుగురితో మొదలైన ఆ గుంపులోకి విశాఖ నుంచీ, కాకినాడ నుంచీ, ఎక్కడెక్కడి నుంచో పిల్లలు చేరారు. పాయింట్లు పెరిగాయి. పోతే బాధపడేటన్ని పాయింట్లు వచ్చాక, ఓడిన ప్రతిసారీ ఎవరి వల్ల ఓడామని వెతకడం మొదలైంది. అలా దొరికినవాణ్ణి తారక్ ఒక మాట అనేవాడు. తండ్రి పోలికేమో, ఆ మాట సూదిలా ఉండేది. విన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళకి మర్నాడు జట్టులో చోటు దొరికేది. నవ్వలేనివాళ్ళు గొడవపడలేదు, చెప్పి కూడా వెళ్ళలేదు, ఒక్కొక్కరే రావడం మానేశారు. మంచివాళ్ళు మానేసిన సంగతి ఎవరూ గమనించరు. మిగిలినవాళ్ళలో తన మాటే వినబడాలంటే నిన్నటికంటే కొంచెం పదునుగా అనాలి. ఒకరు తిండిని అంటే ఇంకొకరు ఊరిని అన్నారు, ఆ తర్వాతివాడు తల్లిని అన్నాడు. ఒకసారి ఎవరో ఫిర్యాదు చేస్తే ఆట నడిపేవాళ్ళు తారక్‌ని కొన్నాళ్ళు బయట పెట్టారు. తిరిగొచ్చిన రోజున గుంపంతా పెళ్ళికొడుక్కి పలికినట్టు స్వాగతం పలికింది.

ఉషశ్రీ ఇవన్నీ ముక్కలు ముక్కలుగా వింది. విని, “మెల్లిగా మాటాడు నాన్నా, మామ్మ పడుకుంది,” అంది. ఆమె దిద్దింది గొంతునే, మాటని కాదు.

ఒక సాయంత్రం టిఫిన్ల దగ్గర తారక్ ఫోను బల్ల మీద పెట్టాడు. “నాన్నా, ఈ క్లిప్పు విను. మా గుంపులో పేలిపోయింది.”

ఆటలో దెబ్బతిని పడిపోయిన ఒక కుర్రాడు తనని లేపమని అడుగుతున్నాడు. “న... న... నన్ను... లే... లే...” మాట రావడం లేదు. వెనకాల ఎవరో ఆ నత్తికి డప్పు దరువు కలిపారు. ఆఖర్న తారక్ గొంతు: “నువ్వడిగేలోగా ఆట అయిపోద్దిరా, కారిన దిమ్మా.” తర్వాత బోలెడు నవ్వులు.

రామ్మోహనరావు పొలమారేలా నవ్వాడు. “నా డైలాగు కొట్టీసేవురా,” అన్నాడు మురిపెంగా. దరువు సరిగ్గా నత్తి మీద పడేలా కూర్చినందుకేమో, ఉషశ్రీకీ నవ్వు ఆగలేదు.

సూర్యకాంతమ్మ మాత్రం ఫోను వైపే చూస్తూ అడిగింది. “ఎవరి పిల్లాడురా ఆ గొంతు?”

“ఎవరో ఒకడులే మామ్మా.”

మాఘమాసం వెళ్ళేలోగా ఆ ‘ఎవరో’ తండ్రే వాళ్ళ గుమ్మంలోకి వచ్చాడు. మునగపాక రైతు పరదేశి ఏటా రామ్మోహనరావు కొట్టుకే బెల్లం వేస్తాడు. కొత్త బెల్లం వండగానే మొదటి ముద్ద ఇంటావిడకి ఇచ్చి వెళ్ళడం అతని అలవాటు. ఉషశ్రీ మంచినీళ్ళిచ్చి, కుర్రాడు ఎలా చదువుతున్నాడని అడిగింది.

“సదువెక్కడిదమ్మా. కాలేజీ మానేసేడు.” పరదేశి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “ఆడికి సిన్నప్పట్నించీ నత్తి. నలుగుర్లో నోరిప్పడు. అలాటోడు ఈమధ్య ఫోన్లో ఏదో ఆటంట, అందులో మాటాడ్డం మొదలెట్టేడు. మొకం కనపడదు కదా, బెదురు పోయింది. మా ఇంటిదైతే ఆ ఫోనుకి దణ్ణం పెట్టినంత పని సేసింది. ఏటయ్యిందో తల్లీ, నెల్లాళ్ళై మళ్ళీ మూగోడైపోయేడు. మాతో కూడా మాటాడ్డు. బస్సులో ఎవురో ఏదో అన్నారని కాలేజీకెళ్ళడు. పేరెట్టి పిలిత్తే పలకడు.”

“ఏమన్నారు బస్సులో?”

“కారిన దిమ్మ అన్నారంటమ్మా. మేం బెల్లం వండుకునేవోళ్ళం కదా, అందుకన్నారేమో.”

ఉషశ్రీ చేతిలో బెల్లం ముద్ద ఇంకా వెచ్చగానే ఉంది. అబ్బాయి పేరేమిటని అడిగింది. నానాజీ అని చెప్పాడు పరదేశి. ఆ పిల్లాడు మానేసింది తారక్ చదివే కాలేజీయే. అసలు సంగతి చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. తన నవ్వు తనకే వినబడుతోంది.

తారక్ కాలేజీ నుంచి వచ్చేదాకా ఆమె వీధరుగు మీదే కూర్చుంది. అడిగితే అతను బుకాయించలేదు.

“నానాజీయే. అయితే ఏటమ్మా? ఆటన్నాక అందరూ అంటారు. నన్ననలేదా? మొదట్లో నన్నెంతేసి మాటలన్నారో నీకు తెలుసా? తట్టుకోలేనోడు ఆడకూడదు.”

“ఆ పిల్లాడికి మాట పడిపోయిందిరా.”

తారక్ జేబులో చెయ్యి పెట్టాడు. “ఆ క్లిప్పు తీసెయ్‌మంటావు, అంతేగా?” ఫోను తీసి చూపించాడు. తను పెట్టింది ఆమె ఎదుటే తీసేశాడు. కానీ అది ఇంకెవరెవరి దగ్గరో ఉంది. ఎన్నడూ అనకాపల్లి చూడనివాళ్ళు, బెల్లం దిమ్మ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు, సరిగా ఆడని ప్రతి కుర్రాణ్ణీ ‘దిమ్మ’ అంటున్నారు. తెర మీద వేలు జరిపేకొద్దీ అదే మాట. “చూసేవా? నేనాపితే ఆగదమ్మా. అది ఇప్పుడు నాది కాదు.”

ఆ మాట తన భర్తదని ఉషశ్రీకి తెలుసు. ఇడ్లీ పళ్ళేల మధ్య పుట్టి, తన నవ్వు తిని పెరిగిన మాట.

రామ్మోహనరావు తేలిగ్గా తీసుకున్నాడు. “కుర్రాళ్ళన్నాక ఒకర్నొకరు అనుకుంటారు. పరదేశికి నేను చెప్తాన్లే. ఈసారి వాడి సరుకు నాలుగు రూపాయలు ఎక్కువేసి కొంటాను.”

“దిమ్మకి రేటు పెంచితే పిల్లాడికి మాటొస్తదేటిరా?” అంది సూర్యకాంతమ్మ.

తారక్‌ని వెంటబెట్టుకుని వెళ్ళి క్షమాపణ చెప్పించాలని ఉషశ్రీ ఆ రోజే అనుకుంది. అతను వస్తానన్నాడు కూడా. కానీ రేపన్నాడు, ప్రాక్టికల్స్ అయ్యాకన్నాడు, పరీక్షలయ్యాకన్నాడు. ఆమె గట్టిగా పట్టుబట్టలేదు. ఆ గుమ్మం ఎక్కాలంటే ఆమెకీ కాళ్ళు రాలేదు మరి. తప్పు చేసినవాడికంటే, దాన్ని చూసి నవ్వినవాళ్ళకి మొహం చెల్లడం కష్టం. అలా చెరకు నరుకుళ్ళు అయిపోయాయి, ఎండలు ముదిరాయి.

పరీక్షలు ముగిసిన ఆదివారం తల్లీకొడుకులు స్కూటరు మీద మునగపాక వెళ్ళారు. పరదేశి వీధిలోనే ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“మంచి రోజున వచ్చేరమ్మా. మావోడికి మాటొచ్చేసింది.”

ఉషశ్రీకి కళ్ళు చెమర్చాయి. చేతులెత్తి దణ్ణం పెట్టుకుంది. తారక్ ఊపిరి తేలికపడటం పక్కనున్న ఆమెకి తెలిసింది.

“ఎలా వచ్చింది పరదేశీ?”

“ఏమోనమ్మా. నెల కిందట మళ్ళీ ఆ ఆటే మొదలెట్టేడు. ఈసారి వేరే పేరెట్టుకున్నాడంట. ఇప్పుడు సూడండి, గలగలమని మాటాడేత్తన్నాడు. నత్తి ఏమాత్రం లేదు. ఒసే గంగా, ఎవరొచ్చేరో సూడు.”

గంగాభవాని లోపల్నుంచి పరుగున వచ్చి మంచం వాల్చింది. “మీ బాబు మావోడి నేస్తమంటగా అమ్మా. కూకోండి, మజ్జిగ తెత్తాను. అదిగో, ఇంటన్నారా ఆడి గొంతు?” అంది మురిసిపోతూ.

వింటూనే ఉంది ఉషశ్రీ. నడవ పక్క గదిలోంచి ఒక గొంతు ఎక్కడా తట్టుకోకుండా, వేలం పాటలా సాగిపోతోంది.

“ఎవడ్రా నిన్ను కన్నది? ఫోను పట్టుకోడం రాదు, నీకెందుకురా ఆట? వెళ్ళి మీ అమ్మ ఒళ్ళో పడుకో. కారిన దిమ్మా. ఒరేయ్ దిమ్మా, నిన్నేరా. ఏడుత్తన్నావా? ఇనండర్రా, ఏడుత్తన్నాడు.”

ఫోను స్పీకరులోంచి నవ్వులొచ్చాయి. వాటి మధ్య ఒక సన్నటి గొంతు, ఇంకా మగగొంతు రాని పసిగొంతు, “అన్నా, ఇంకొక్కసారి అన్నా...” అంది. అంతలో ఆగిపోయింది. మళ్ళీ వినబడలేదు.

తారక్ ఆ గది గుమ్మంలో నిలబడిపోయాడు. నానాజీ తలెత్తి చూశాడు. అతని మొహంలో కోపం లేదు. కోపముంటే బాగుండునని ఉషశ్రీకి అనిపించింది.

“సారీ రా నానాజీ,” అన్నాడు తారక్. “ఆ క్లిప్పు... నేను...”

“సారీ దేనికి బావా?” నానాజీ నవ్వాడు. ఒక్క అక్షరం కూడా తడబడలేదు. “నువ్వే కదా నేర్పేవు. తిట్లు తిన్నన్నాళ్ళూ నోరు రాలేదు. తిట్టడం మొదలెట్టేక ఎక్కడా అడ్డం పడలేదు. రా, ఒకడు ఏడుసుకుంటా పోయేడు. జట్టులో చోటు ఖాళీగా ఉంది.”

తారక్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని తల్లి వైపు చూశాడు. ఏం చెప్పమంటావని అడుగుతున్న చూపు అది. కొడుకు మాట విని కళ్ళొత్తుకుంటున్న ఈ తల్లికి, మీవాడికి వచ్చింది మాట కాదమ్మా అని ఏ నోటితో చెప్పాలి?

గంగాభవాని మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టింది. ఉషశ్రీ తాగలేకపోయింది. ఆ సన్నటి గొంతు ఆగిపోయిన చోటే ఆమె మనసు ఆగిపోయింది. ఎవరి పిల్లాడు ఆ గొంతు? ఏ ఊరివాడో, ఏ తల్లి కొడుకో. వెతికి వెళ్ళి పట్టుకోవడానికి ఈసారి మునగపాక లాంటి ఊరి పేరు లేదు, పరదేశి లాంటి తండ్రి లేడు. వాడు కూడా కొన్నాళ్ళు మూగబోతాడు. తర్వాత వాడికీ మాటొస్తుంది. ఆ మాట ఇంకెవరినో వెతుక్కుంటుంది.

ఆ సాయంత్రం టిఫిన్ల దగ్గర రామ్మోహనరావు మామూలుగానే మొదలుపెట్టాడు. “నిన్న ఒకడొచ్చేడు...”

ఎవరూ నవ్వలేదు. ఆయన వింతగా అందరి మొహాలూ చూసి, తింటున్నవాడల్లా ఆపేశాడు. సూర్యకాంతమ్మ కోడలి మొహం చూసి గ్రహించింది. “ఇప్పుడు ఊరుకున్నారు,” అంది నెమ్మదిగా. “ఊరుకోవలసిన రోజున నవ్వేరు.”

పిల్లల ఆటలో విషం ఎవరు కలిపారని ఊళ్ళో వెతికే ముందు, మన ఇంటి భోజనాల దగ్గర ఏ మాటకి మనం నవ్వామో ప్రతి తల్లీ తండ్రీ గుర్తు చేసుకోవాలి. ఎందుకంటే, మనం నవ్విన మాటనే పిల్లలు మోసుకుపోతారు, ఇక దాన్ని వెనక్కి పిలవడం మన చేతిలో ఉండదు.