ముడి వేయని గుండీ

పక్క మిషను మీద ఇరవై ఏళ్లు కబుర్లు చెబుతూ కుట్టిన అన్న పోయాక దర్జీకి మంచం దిగబుద్ధి కాలేదు. మూడు నెలలు దుకాణం మూసే ఉంది. ఏడుపైనా రాని మొద్దు దిగులు అది. చివరికి డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. అక్క ఫోనులోనే చట్టం చేసింది.

"లే. స్నానం చెయ్యి. షట్టరెత్తు. రోజుకొక్క మనిషితోనైనా పది నిమిషాలు మాట్లాడు. ఏది తప్పినా పెట్టె సర్దుకుని వచ్చేస్తానురా, చూసుకో."

అక్క వస్తే ఏమవుతుందో బాగా తెలుసు కనుక మొదటి మూడూ పళ్ల బిగువున చేసేశాడు. నాలుగోదే కొరకరాని కొయ్య అయింది. వచ్చేవాళ్లు కొలతలిచ్చి పోతారు, బట్టలు తీసుకుని పోతారు. "పొడుగు ఇరవై ఎనిమిది, నడుము ముప్పై నాలుగు" అనేది మాటల కిందికి రాదని అక్క ముందే తేల్చేసింది.

అప్పుడు దర్జీ ఒక పాడుపని మొదలుపెట్టాడు. ఏది కుట్టినా ఒక గుండీకి దారం చివర ముడి వేయడం మానేశాడు. వారం తిరిగేసరికి గుండీ ఊడేది, మనిషి తిరిగొచ్చేవాడు. రెండు నిమిషాల పనికి మనవాడు సూదిలో దారం ఎక్కించడానికే ఎనిమిది తీసుకునేవాడు. ఈలోగా వాళ్ల మోకాళ్ల నొప్పులూ అల్లుళ్ల గొప్పలూ అన్నీ వినేవాడు. దిగులు పూర్తిగా పోలేదు గానీ కాస్త పక్కకి జరిగి కూర్చుంది.

ఒకరోజు పోస్టాఫీసు మేడమ్ అదే కోటుతో మూడోసారి వచ్చింది.

"మళ్లీ ఊడిందండీ."

దర్జీ గతుక్కుమన్నాడు. రెండోసారికే సిగ్గేసి ఆవిడ గుండీకి మూడు ముడులు వేశాడు. అదీ ఊడితే ఇరవై ఏళ్ల పనితనం గంగలో కలిసినట్టే. కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. ముడులు మూడూ కోటు లోపల చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైన దారం మాత్రం కత్తెరతో కోసినట్టు నున్నగా తెగి ఉంది.

తలెత్తాడు. ఆవిడ గోడ మీద క్యాలెండరు శ్రద్ధగా చదువుతోంది. అది నిరుటిది.

"ఇంటికెళ్తే గోడలు తప్ప ఎవరూ లేరండీ," అంది చివరికి, అటే చూస్తూ. "ఇక్కడైతే నేను చెప్పేది వింటారు కదా అని..."

దర్జీ కోటు పక్కన పెట్టాడు. తన దొంగపని కూడా దాచకుండా చెప్పేశాడు. ఆవిడ తెల్లబోయింది.

"అయితే మొదటి రెండూ మీ నిర్వాకమా?"

"మూడోది మీదండీ."

ఇద్దరికీ నవ్వాగలేదు.

అన్న కూర్చునే స్టూలు మీద ఇన్నాళ్లూ ఎవరినీ కూర్చోనివ్వలేదు అతను. ఇప్పుడు దాని దుమ్ము దులిపి ఆవిడ ముందుకు జరిపాడు.

"కూర్చోండి. ఈసారి గట్టిగా కుడతాను," అన్నాడు. "రేపు మాత్రం ఏమీ తెగకపోయినా రండి."