సినిమా శవాలకు చప్పిడి కూడు

ఇప్పటి సినిమాల్లో జాంబీలు మనుషుల్ని పీక్కుతింటాయట. చోద్యం! మా హైతీలో చచ్చినవాడు ఎవర్నీ కరవడు. మంత్రగాడు వాణ్ణి సమాధిలోంచి లేపి, చెరకుతోటలో పనికి పెడతాడు. మా భయమల్లా అదే. ఆ రకం సినిమాలు ఇంకా పుట్టీ పుట్టని రోజుల్లో అమెరికా దొరలు మా లెయోగాన్ ఊరి చెరకుతోటకొచ్చి ఒకటి తీశారు. శవాలుగా నడవడానికి తోటకూలీల్నే పెట్టుకుని, ఇళ్లకు పంపకుండా పాకల్లో ఉంచారు. నా తమ్ముడు ఫిలోజెన్ వాళ్లలో ఒకడు. వంట నాది.

మొదటిరోజే మేస్త్రీ డోర్సెన్విల్ వచ్చాడు.

"ఓర్వెలీ, కూట్లో ఉప్పు వెయ్యకు. సినిమా తీసే దొర ఆర్డరు."

కూలీకి ఉప్పు పెట్టనివాడు మా దేశంలో ఒక్కడే, జాంబీలను మేపేవాడు. ఉప్పు నాలిక్కి తగిలితే వాటికి తెలివొస్తుంది.

"ఎందుకటా?"

"ఏదో పుస్తకంలో చదివాట్ట. అంతా నిజంలా ఉండాలంట. నీకెందుకే, చెప్పింది చెయ్యి!"

నాకెందుకా! మూడు రోజులు కనిపెట్టి చూశాను. మిగతావాళ్లు నడక ఆగగానే నవ్వేవారు, బూతులాడుకునేవారు. ఫిలోజెన్‌ది మాత్రం అదే చూపు. పిలిస్తే పలకడు. వాడే అందరికంటే బాగా చేస్తున్నాడని దొర మెచ్చుకున్నాడట, మేస్త్రీ మురిసిపోయాడు. నా తమ్ముణ్ణి వీళ్లేం చేశారు?

నాలుగోరోజు మధ్యాహ్నం వాడి మొక్కజొన్న సంకటిలో గుప్పెడు ఉప్పు కలిపాను. ఒక్క ముద్ద పెట్టుకున్నాడో లేదో, తుపుక్కున ఊశాడు.

"నీకేం పోయేకాలం వచ్చిందే అక్కా! సముద్రమంతా ఇందులోనే పోశావా?"

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"బతికే ఉన్నావురా నాయనా! మరి మూడ్రోజులుగా ఆ మొహమేంట్రా? భయంతో చచ్చాను."

"ఏ మొహం?"

"అదే, దొర నేర్పిన శవం మొహం."

"నాకేం నేర్పలేదే. మిగతావాళ్లకి నేర్పాడు. నేను చెరకు కొడుతుంటే చూసి, వీణ్ణి ఇలాగే ఉండమను చాలు అని మేస్త్రీతో చెప్పించాడు."

ఈల మోగింది. వాడు మూతి తుడుచుకుని చెరకులోకి వెళ్లిపోయాడు. పదకొండేళ్లుగా వాడు ఆ తోటలో పనిచేస్తున్నాడు. పనిలో ఉండగా వాణ్ణి నేను చూడటం ఆ నాలుగు రోజుల్లోనే మొదటిసారి.