మడిలో మోగిన ఫోన్

గారె మధ్యలో చిల్లు పెడుతూ గడియారం చూశాను. పది నలభై. పదకొండుకు నా ఇంటర్వ్యూ. యూనివర్సిటీలో తూర్పు ఆసియా అధ్యయన కేంద్రం వాళ్ళు పిహెచ్‌డి సీటుకు వీడియో కాల్లో పిలిచారు. ప్రొద్దుటూరులో ఈ వంటింట్లోనే, పోపులు వేస్తూ ఫోన్లో పాఠాలు విని, మూడేళ్ళు కొరియన్ నేర్చుకున్నాను. ఈ ఏడు తప్పితే ఫెలోషిప్పుకు వయసు దాటిపోతుంది. ఏం లాభం? మామగారి అమ్మ తద్దినం కూడా ఈరోజే పడింది. నేను మడి కట్టుకుని ఉన్నాను. ఫోన్ ముట్టుకున్నానంటే వంటంతా మళ్ళీ మొదటికొస్తుంది.

వంటమనిషిని పెడదామని పది రోజుల ముందే అడిగాను. మామగారు దక్షిణామూర్తి పంచాంగంలోంచి తలెత్తలేదు. "కోడలుండంగ ఎవరో వండితే మాయమ్మకు ముడ్తాదా?" అన్నారు. ఇప్పుడు మోకాళ్ళు వంగకపోయినా అత్తమ్మ కూడా పొద్దున్నుంచి ఏమీ తినకుండా నా పక్కనే కాకరకాయలు తరుగుతోంది.

ఇక మా ఆయన శ్రీహర్షను బతిమాలుకున్నాను. "మీరే కాల్ ఎత్తి, గుమ్మం దగ్గర ఫోన్ పట్టుకోండి చాలు. ఇరవై నిమిషాలే." సరేలే అన్నారు. భోక్తలు రాగానే వాళ్ళ కాళ్ళకు నీళ్ళిస్తూ మరిచేపోయారు. పదకొండు దాటాక ఫోన్ మోగింది. హాల్లోంచి ఆయన గొంతు వినపడింది.

"ఆమె మడిలో ఉంది సార్. ఈ పొద్దు కుదర్దు. ఇంగో దినం పెట్టుకోండి."

పాలవాణ్ణి రేపు రమ్మన్నంత తేలిగ్గా! "ఏమండీ, ఇటు తీసుకురండి!" అని అరిచాను. మామగారు మంత్రం ఆపి కళ్ళెర్రజేశారు. అప్పటికే ఈయన ఫోన్ పెట్టేశారు. నూనెలో గారెలు మాడుతున్నాయి, నా చేతులనిండా పిండి. ఏడుపు తన్నుకొచ్చింది. తద్దినం నాడు కన్నీళ్ళు పెట్టకూడదట, దాన్నీ మింగేశాను.

మగవాళ్ళంతా తిని లేచేసరికి మూడయింది. అత్తమ్మా నేనూ అప్పుడు ఆకులు వేసుకున్నాం. ఆయన నా ఫోన్ చూస్తూ వచ్చి, "మెయిల్ వచ్చింది. నువ్వు హాజరు కాలేదని సీటు వేరేవాళ్ళకిచ్చినారంట" అన్నారు. "పోతే పోనీలే. ఇంతకూ ఏం సబ్జెక్టది?"

మూడేళ్ళలో ఈ మాట అడగడం ఇదే మొదలు.

"కొరియాలో మొగుడి పెద్దలకు పెట్టే దినాల్లో కోడళ్ళ చాకిరీ" అన్నాను.

ఆయన పగలబడి నవ్వారు. "దానికి యూనివర్సిటీ ఎందుకే? మాయమ్మను అడిగింటే సరిపోతాండె గదా!"

అత్తమ్మ నవ్వలేదు. కలిపిన ముద్ద ఆకులోనే వదిలేసి నావైపు తిరిగింది.

"వాళ్ళు గూడా అందరూ తిన్యాకనే తింటారా, వైదేహీ?"